బార్నబస్ అనే చుట్టం

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల్లో భాగంగా, బడి ఆవరణలో ‘హౌస్ ఆఫ్ డార్క్ షాడోస్’ చిత్ర ప్రదర్శన తర్వాత చేసిన ప్రసంగ పాఠం)



సినిమా అయిపోగానే కొందరు లేచి కుర్చీలు సర్దుకున్నారు. పేర్లు పడుతున్నప్పుడు చివర్లో ఒక గబ్బిలం ఎగిరిపోయింది. ఓపిగ్గా కూర్చున్నవాళ్ళే దాన్ని చూశారు. చూడనివాళ్ళకి పెద్ద నష్టమేం లేదు గానీ, చచ్చాడనుకున్నవాడు పూర్తిగా చావలేదేమో అన్న అనుమానం మాత్రం దక్కకుండా పోయింది.

స్వర్ణోత్సవాల్లో ఈ దయ్యాల సినిమా ఏంది అబ్బయ్యా అని మా లెక్కల మాస్టారు పొద్దున నన్ను నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. ‘మాయాబజార్’ వేస్తే అందరూ సంతోషించేవాళ్ళు. కార్యవర్గంలో కూడా ఈ మాట వచ్చింది. అయినా ఈ సినిమానే వేయమని నేను పట్టుబట్టాను. ఎందుకంటే దీని పుట్టుక వెనక బడిపిల్లలున్నారు. అదెట్లాగో ముందు చెబుతాను.

అమెరికాలో ఏబీసీ చానల్లో 1966 జూన్ 27న ‘డార్క్ షాడోస్’ అనే ధారావాహిక మొదలైంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ ఒక అరగంట. పొద్దు దిగకముందు వచ్చే ఇలాంటి సీరియళ్ళను అక్కడ ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళ కోసం తీసేవారు. వాటికి డబ్బు పెట్టింది ఎక్కువగా సబ్బుల కంపెనీలు గనుక ‘సోప్ ఒపేరా’ అన్న పేరు స్థిరపడింది. ఈ సీరియల్ నిర్మాత డాన్ కర్టిస్‌కి ఒక రాత్రి కల వచ్చిందట. ఆ కలలో ఒక అమ్మాయి రైల్లో పోతోంది. ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న పాత మేడలో ఉద్యోగానికి. మొదటి ఎపిసోడ్ నిజంగానే ఆ అమ్మాయి రైలు ప్రయాణంతో మొదలవుతుంది. రైలుతో మొదలైన కథ బిట్రగుంట వాళ్ళకు పరాయిది ఎట్లా అవుతుంది చెప్పండి.

మొదట్లో అది మామూలు పెద్దింటి గుట్టు కథ. జనం పెద్దగా పట్టించుకోలేదు. మూసేస్తారన్న పరిస్థితి వచ్చింది. పోయేదేముందన్నట్టు కర్టిస్ దయ్యాలను తెచ్చాడు. 1967 ఏప్రిల్లో ఏకంగా ఒక రక్తపిశాచినే తెచ్చాడు. పేరు బార్నబస్ కాలిన్స్. కొన్ని వారాలు భయపెట్టి, గుండెలో మేకు దిగి చచ్చిపోవాల్సిన పాత్ర అది. దానికి జోనథన్ ఫ్రిడ్ అనే కెనడా రంగస్థల నటుణ్ణి పెట్టుకున్నారు. షేక్‌స్పియర్ నాటకాలు వేసినవాడు. నలభై దాటాయి. ఇక నటన చాలించి, కాలిఫోర్నియా పోయి నాటకం చెప్పే మాస్టారుగా స్థిరపడదామనుకుంటున్నాడు. దారిఖర్చులకు పనికొస్తుందని ఈ కొద్దివారాల వేషానికి ఒప్పుకున్నాడు.

ఆయన కాలిఫోర్నియా ప్రయాణం ఆగిపోయింది. బార్నబస్ చావలేదు. పిల్లలు చావనివ్వలేదు. బడి వదలగానే సంచీ భుజాన వేసుకుని ఇంటికి పరిగెత్తడం ఆ రోజుల్లో అమెరికాలో ఒక తరానికి జ్ఞాపకం. న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంటి పక్కన ఒక పెద్దావిడ ఉంది. నా ఈడుదే. నేను రైల్వేలో గార్డుగా చేశానని తెలిసి పలకరించి, మాటల్లో ఈ సీరియల్ సంగతి ఎత్తింది. అప్పుడు ఆమెకు పదేళ్ళు. రోజూ పరుగేనట. తల్లి వద్దంటే పక్కింట్లో చూసేదట. ఆవిడ మా అబ్బాయి ఇంట్లో కూర్చుని ఈ సినిమాను మాతో పాటు చూసింది. చూసి కోపంగా లేచిపోయింది. ఆ కోపం ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఇక్కడ ఉన్న పెద్దవాళ్ళకు ఆ పరుగు అర్థమవుతుంది. అప్పట్లో మనకు టీవీ లేదు. సీరియల్ అంటే వారపత్రికలో వచ్చేదే. పత్రిక రైల్లో దిగేది. స్టేషన్లో పుస్తకాల బంకు దగ్గర కట్ట విప్పేదాకా నిలబడి, ఇంటికి చేరకముందే దారిలో చదివేసినవాళ్ళు ఈ సభలో కనీసం పదిమంది ఉంటారు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజుల్లో రాత్రి డ్యూటీకి పోతూ దాన్ని చదవొద్దని మా షెడ్డులో పెద్దవాళ్ళు కుర్రవాళ్ళకు చెప్పేవారు. చెప్పినవాళ్ళు మాత్రం చదివేవారు.

అంతకన్నా ముందు చందమామ ఉంది. బేతాళ కథలు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తాడు, బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు, రాజు నోరు విప్పుతాడు, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఎన్ని దశాబ్దాలు ఎక్కిందో మీకు తెలుసు. ఆ బేతాళ కథలనే రిచర్డ్ బర్టన్ 1870లో ఇంగ్లీషులో ‘విక్రమ్ అండ్ ది వాంపైర్’ పేరుతో అచ్చువేశాడు. మన బేతాళుడు రక్తం తాగడు, కబుర్లు చెబుతాడు. అయినా ఆ దొరకు వాంపైర్ అన్న మాటే తోచింది. నాకైతే ఆ పోలిక మరో విధంగా నచ్చుతుంది. సీరియల్లో ఉండే పిశాచానికి చెట్టు ఉండి తీరాలి. ఎన్నిసార్లు దింపినా మళ్ళీ ఎక్కడానికి. చెట్టు కొట్టేస్తే వచ్చే నెల పత్రిక లేదు. ‘డార్క్ షాడోస్’ అట్లా 1971 ఏప్రిల్ 2 దాకా 1225 ఎపిసోడ్లు నడిచింది. ప్రకటనలతో కలుపుకుంటే ఆరువందల గంటల పైమాట.

అన్ని గంటలు ఎదురుగా ఉంటే రాక్షసుడైనా మనిషవుతాడు. రోజూ కనిపించేవాణ్ణి ఎన్నాళ్ళని ద్వేషిస్తాం? బార్నబస్‌కు ఒక గతం ఇచ్చారు. ఒక మంత్రగత్తె శాపం ఇచ్చారు. పోగొట్టుకున్న ప్రేయసిని ఇచ్చారు. తను చేసే పనికి తానే కుమిలిపోయే మనసు ఇచ్చారు. కొన్నాళ్ళకు అతను కుటుంబాన్ని కాపాడే పెద్దదిక్కు అయ్యాడు. జాలిపడదగ్గ రక్తపిశాచి అన్న ఊహ అమెరికాలో ఇంటింటికీ చేరింది ఈ సీరియల్ వల్లనే.

సీరియల్ తీసిన పద్ధతి గురించి ఒక్క ముక్క. నాటకం ఆడినట్టే ఏకబిగిన ఆడి టేపు మీద పట్టేవారు. మధ్యలో ఆపి సరిదిద్దడం చాలా ఖర్చు. అందుకని మాట మరిచిపోయి తడబడే నటులు, తెరమీదికి తొంగిచూసే మైకులు, ఊగే గోడలు అన్నీ అట్లాగే ప్రసారమైపోయాయి. అభిమానులకు ఇప్పుడు అవే ముద్దు. మన బడి వార్షికోత్సవ నాటకంలో కీచకుడి మీసం ఊడి పడిన సంగతి నలభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాం గదా, అట్లాగన్నమాట.

ఇక సినిమా. సీరియల్ మంచి ఊపు మీద ఉండగానే, 1970లో, ఎమ్‌జీఎమ్ సంస్థ డబ్బుతో డాన్ కర్టిస్ దీన్ని తీశాడు. దర్శకుడూ ఆయనే. సీరియల్ రాసే సామ్ హాల్, గోర్డన్ రసెల్ ఇద్దరే దీన్నీ రాశారు. నటులూ వాళ్ళే. పైన సీరియల్ ఆగకూడదు. మరి ఫ్రిడ్ షూటింగులో ఉంటే సీరియల్లో బార్నబస్ ఎట్లా? దానికొక ఉపాయం పన్నారు. సీరియల్లో బార్నబస్‌ను వారాల తరబడి శవపేటికలో పెట్టి గొలుసులతో బంధించేశారు. లీవు దరఖాస్తు పెట్టుకోవడంలో మన రైల్వేవాళ్ళు ఎంత తెలివిపరులైనా ఇంతదూరం పోలేదు.

మీరు చూసిన ఆ మేడ సెట్టింగు కాదు. న్యూయార్క్‌కి కాస్త ఎగువన, హడ్సన్ నది ఒడ్డున, టారీటౌన్ అనే ఊళ్ళో ఉన్న లిండ్‌హర్స్ట్ భవనం అది. 1838లో అలెగ్జాండర్ జాక్సన్ డేవిస్ అనే వాస్తుశిల్పి గీసిన ఇల్లు. మొనదేలిన కమానులు, రాతి బురుజు, సన్నటి కిటికీలు. పాతకాలపు చర్చీల పద్ధతి. దాన్నే గోథిక్ అంటారు. అలాంటి ఇళ్ళల్లో జరిగే భయం కథలకు కూడా ఆ పేరే వచ్చింది. గోథిక్ కథలో దయ్యం కంటే ముందు ఇల్లు ఉండాలి. ఇంట్లో ఒక తలుపు మూసి ఉండాలి.

నేను ఆ ఇంటిని చూశాను. ఇప్పుడది టిక్కెట్టు కొని చూడదగ్గ చోటు. మా అబ్బాయి కారులో పోదామంటే వద్దని రైల్లోనే పోయాను. హడ్సన్ లైను నదిని ఆనుకుని, ఆ తోట దిగువ నుంచే పోతుంది. అక్కడికి పోయాక తెలిసింది, 1880లో ఆ ఇంటిని కొన్నవాడు జే గౌల్డ్ అని. అమెరికా రైల్వేల చరిత్ర చదివినవాళ్ళకు ఆ పేరు తెలుసు. యూనియన్ పసిఫిక్, మిస్సోరీ పసిఫిక్ లాంటి కంపెనీలను గుప్పిట్లో పెట్టుకుని, షేర్ల వ్యాపారంలో ఎంతోమందిని ముంచాడని పేరుపడ్డ కోటీశ్వరుడు. రక్తపిశాచి సినిమాకు రైలు కంపెనీ ఆసామి ఇల్లు దొరికిందన్నమాట. దీనిమీద నేనేమీ వ్యాఖ్యానించను, నాకు పెన్షన్ వస్తోంది.

కానీ ఆ ఇంటి వరండాలో నిలబడి కింద పోతున్న రైలు చప్పుడు వింటుంటే మన పెద్ద బంగళాలు గుర్తొచ్చాయి. ఎత్తు కప్పులు, మనుషులు లేని గదులు, కిటికీ అద్దాల మీద షెడ్డు మసి. రాత్రి రెండింటికి కాల్‌బాయ్ లాంతరు పట్టుకుని తలుపు కొట్టి డ్రైవర్‌ను డ్యూటీకి లేపే చప్పుడు. మన కాలనీలో అర్ధరాత్రి తలుపు తడితే దయ్యమని ఎవరూ అనుకోలేదు, గూడ్సు బండి అనుకున్నారు. అందుకేనేమో మనవాళ్ళు భయస్థులు కాదు.

ఇప్పుడు సినిమాలోకి రండి. విల్లీ లూమిస్ అనే పనివాడు నగలు దొరుకుతాయన్న ఆశతో కాలిన్స్ వాళ్ళ సమాధి గదిలోకి పోయి గొలుసులు కట్టిన శవపేటిక తెరుస్తాడు. లోపల్నుంచి చెయ్యి వస్తుంది. ఆ తర్వాత కాలిన్స్ వాళ్ళింటికి ఒక పెద్దమనిషి వస్తాడు. భుజాన పొడుగాటి కోటు, చేతిలో వెండిపిడి కర్ర, వేలికి నల్లరాయి ఉంగరం. ఇంగ్లండు నుంచి వచ్చిన దూరపు చుట్టాన్నని చెప్పుకుంటాడు. గోడ మీద పూర్వీకుడి పటం ఉంది. అచ్చం అతని ముఖమే. ఇంటావిడ ఎలిజబెత్ ఆ పోలిక చూసి మురిసిపోతుంది. ‘‘మా వంశం పోలికలే’’ అని మన పెద్దమ్మలు మురిసినట్టు. పటంలో ఉన్నవాడూ తలుపు దగ్గర నిలబడ్డవాడూ ఒకడే అని ఎవరికి తోస్తుంది?

నా దృష్టిలో సినిమా మొత్తంలో అసలైన భయం ఇదే. కోరలు కాదు. డ్రాక్యులా కథలో మనుషులు కోటకు పోయి ఇరుక్కుంటారు, లేదా వాడు పరాయి ఊరికి పరాయివాడుగా వస్తాడు. బార్నబస్ తన ఇంటికి తానే చుట్టంగా వచ్చాడు. వాడికి ఆ ఇంట్లో ప్రతి గదీ తెలుసు. ఏ మెట్టు కిర్రుమంటుందో తెలుసు. ఆ ఇంటి మీద వాడికున్న ప్రేమ అబద్ధం కాదు. ప్రేమతోనే వచ్చాడు, వచ్చి ఒక్కొక్కరినే తినేశాడు.

మొదట కరోలిన్. ఇంటి ఆడపిల్ల. ఆమె మెడ మీద గాట్లు పడ్డాక ఆమెకే బార్నబస్ మీద హక్కు ఉందనుకుంటుంది. అతని చూపు మరో అమ్మాయి మీద ఉందని తెలిసి ఎదురు తిరుగుతుంది, ప్రాణం పోగొట్టుకుంటుంది. ఆ తర్వాత ఆమే పిశాచిగా లేచి వస్తే పోలీసులు శిలువలు పట్టుకుని చుట్టుముట్టి గుండెలో మేకు దించే దృశ్యం ఉంది గదా, అక్కడ పిల్లల తల్లులు కొందరు కళ్ళు మూయించారు. మంచిపని చేశారు. కానీ ఆ దృశ్యంలో నాన్సీ బారెట్ అరుపు వినండి. అది పిశాచి అరుపులా లేదు. ఊళ్ళో మగవాళ్ళంతా ఒక్కటై మీదపడితే ఒక ఆడపిల్ల అరిచిన అరుపులా ఉంది. కర్టిస్ ఆ సంగతి కావాలనే చేశాడా అంటే నేను చెప్పలేను. చూసినప్పుడల్లా నాకు పిశాచి మీద కంటే చుట్టూ ఉన్నవాళ్ళ మీద ఎక్కువ భయం వేస్తుంది.

తర్వాత డాక్టర్ జూలియా హాఫ్మన్. గ్రేసన్ హాల్ వేసింది. మన స్కూల్ నాటకాల్లో ఆడపిల్లలకు వేషాలు ఇచ్చేటప్పుడు ఇలాంటి పాత్ర ఒక్కటి రాసి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. అందగత్తె కాదు, వయసు పైబడింది, తెలివైనది, బిగ్గరగా ఏదీ చెప్పదు. రక్తాన్ని పరీక్షించి, ఇదొక జబ్బు, దీనికి మందు ఉందని కనిపెడుతుంది. సూదిమందు మొదలుపెడుతుంది. బార్నబస్ పగటి వెలుగులోకి నడిచి వస్తాడు. ఎన్నో తరాల తర్వాత ఎండ చూసిన మనిషి ముఖం ఎట్లా ఉంటుందో ఫ్రిడ్ ఒక్కమాట లేకుండా చూపించాడు. ఆ ఎండలో అతను మాత్రం జూలియాను చూడడు. బతికించినదాన్ని వదిలేసి మ్యాగీ వైపు చూస్తాడు. అది తెలిసిన రోజు ఆమె వేసే సూదిలో మోతాదు మారిపోతుంది.

తర్వాత జరిగింది చూశారు గదా. నూరేళ్ళు పైబడ్డ వయసంతా ఒక్కసారిగా ముఖం మీదికి వచ్చింది. ఆ ముఖాన్ని తయారుచేసింది డిక్ స్మిత్. అదే ఏడు ‘లిటిల్ బిగ్ మాన్’లో డస్టిన్ హాఫ్మన్‌ను పండుముసలిగా మార్చిందీ ఆయనే. ఆ తర్వాత ‘గాడ్‌ఫాదర్’లో బ్రాండో ముఖం, ‘ఎగ్జార్సిస్ట్’లో పిల్ల ముఖం ఆయన చేతివే. ముసలి బార్నబస్ జూలియా గొంతు పిసికేటప్పుడు మన సానుభూతి ఎటు పోవాలి? ఆమె చేసింది హత్యలాంటిదే. అతను చేసిందీ హత్యే. ఇద్దరి ముఖాల్లోనూ ఉన్నది మోసపోయిన బాధే. ఒక పిశాచి సినిమాలో నేను ఎదురుచూడని సంగతి ఇది.

దీన్ని చూస్తుంటే మన ‘పున్నమినాగు’ గుర్తురాకుండా ఉండదు. 1980లో ఏవీఎమ్ వాళ్ళు తీసిన సినిమా, రాజశేఖర్ దర్శకుడు. చిరంజీవి అప్పటికింకా మెగాస్టార్ కాదు. నాగులు అనే పాములవాడి కొడుకు. తండ్రి చిన్నప్పటి నుంచి కొంచెం కొంచెంగా విషం పెట్టి పెంచాడు. పున్నమి రాత్రి అతని దగ్గరికి చేరిన ఆడది బతకదు. ఒంటి చర్మం పొరలుగా ఊడుతుంటే చూసుకుని విలవిలలాడే దృశ్యం చూసినవాళ్ళెవరూ మరిచిపోలేదు. అందులో హీరో నరసింహరాజు, కానీ జనం గుర్తుపెట్టుకున్నది నాగులునే. ముట్టుకుంటే చంపేస్తానని తెలిసీ ముట్టుకోకుండా ఉండలేనివాడు. బార్నబస్‌కు అన్నదమ్ముడే. తేడా ఎక్కడంటే నాగులుకు ఆ విషం ఎవరు పెట్టారో మన సినిమా చెప్పింది. ఈ సినిమా బార్నబస్‌కు ఆ పని చేయలేదు. సీరియల్లో ఉన్న మంత్రగత్తె, ఆమె శాపం, ఆ కథంతా తీసేశారు. అతను ఎందుకిట్లా అయ్యాడో సినిమా చూసినవాళ్ళకు సరిగ్గా తెలియదు.

మా పక్కింటి పెద్దావిడ కోపం అక్కడే. నాలుగేళ్ళు ప్రేమించిన మనిషిని గంటన్నర పైచిలుకులో కసాయివాణ్ణి చేశారు, ఇంట్లో వాళ్ళందరినీ చంపించారు అంటుంది. రోజర్ పోయాడు, ప్రొఫెసర్ స్టోక్స్ పోయాడు, కరోలిన్, జూలియా, విల్లీ అందరూ పోయారు. సీరియల్లో మర్నాడు మళ్ళీ వచ్చే మనుషులు వీళ్ళు. ఆమె మాటను నేను కొట్టిపారేయను. మన ‘అమృతం’ సీరియల్‌ను ప్రాణంగా చూసినవాళ్ళు 2014లో ‘అమృతం చందమామలో’ సినిమాకు పోయి కొంచెం వెలితిగా తిరిగొచ్చారు. రోజూ ఇంటికొచ్చే చుట్టం ఒకరోజు పట్టుబట్టలు కట్టుకుని పెళ్ళిపందిట్లో కనపడితే పలకరించడానికి మొహమాటం వేస్తుంది. అందులో ఎవరి తప్పూ లేదు.

అయినా కర్టిస్ చేసింది సరైనదేనని నా అభిప్రాయం. రోజువారీ కథలో జాలి పెరుగుతూ పోవడం వల్ల ఒక మోసం జరిగింది. బార్నబస్ చేతిలో చచ్చినవాళ్ళను అందరూ మరిచిపోయారు. సినిమా మొదట్లోనే డాఫ్నీ అనే గుమాస్తా పిల్ల ఇంటికి పోతూ దారిలో అతనికి దొరికిపోతుంది గదా. అతని దుఃఖం ఎంత పెద్దదైనా ఆ పిల్ల ఆ రాత్రి ఇంటికి పోలేదు. సినిమా ఆ లెక్క తీసింది. చెట్టు కొట్టేసింది. సీరియల్ చేయలేనిది, చేయకూడనిది సినిమా చేసింది. అట్లాగని జాలి పూర్తిగా పోయిందా అంటే లేదు. ఫ్రిడ్ ఉన్నాడు. మూడేళ్ళుగా మోసిన ఆ దుఃఖాన్ని ఆయన గుమ్మం బయట వదిలి రాలేడు గదా. కథ అతన్ని కసాయి అంటుంటే కళ్ళు మరోటి చెబుతుంటాయి.

లోపాలు లేవని అనను. జోన్ బెన్నెట్ అంతటి నటి, 1940లలో ఫ్రిట్జ్ లాంగ్ చిత్రాల్లో వెలిగిపోయిన మనిషి, ఇక్కడ ఎలిజబెత్‌గా కుర్చీలో కూర్చోవడమే సరిపోయింది. జెఫ్ అనే హీరో ఉన్నాడంటే ఉన్నాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో సీరియల్ చూడనివాళ్ళకు చెప్పే తీరిక దర్శకుడికి లేదు. మన మధ్య వరసలోంచి ఎవరో ‘‘ఈయనెవరు?’’ అని నాలుగుసార్లు అడగడం నాకు వినపడింది. ఆఖరి అరగంటలో శవాలు మరీ గుట్టపడ్డాయి.

మ్యాగీ విషయంలో కొంచెం ఆగుతాను. బార్నబస్ ఒకప్పుడు ప్రేమించిన అమ్మాయి జోసెట్. ఆమె చనిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత లేచి చూస్తే ఈ ఇంట్లో పిల్లవాడికి పాఠాలు చెప్పే మ్యాగీ అచ్చం ఆమెలాగే ఉంది. మనవాళ్ళయితే వెంటనే పునర్జన్మ అనేస్తారు. ‘మూగమనసులు’ చూసిన జాతి మనది. ఈ సినిమా ఆ మాట చెప్పదు. పోలిక మాత్రమే. జోసెట్ గౌను తెచ్చి మ్యాగీకి తొడిగిస్తాడు. ఆమె మురిసిపోతుంది, పాతకాలపు మంచి గౌను గదా. అతను ఒక్కసారైనా ‘‘నీకేం ఇష్టమమ్మా?’’ అని ఆ పిల్లను అడిగాడా? ఆమె పేరుపెట్టి మనసారా పిలిచాడా? అతనికి కావలసింది జోసెట్. మ్యాగీ ఆ గౌనుకు కొయ్యబొమ్మ. శిథిలమైన ప్రార్థనామందిరంలో తెల్లబట్టల్లో ఆమెను పడుకోబెట్టి పెళ్ళి అంటాడు. ఎంత ప్రేమతో చూస్తాడో. ఆ చూపు ఆమెను దాటి వెనక్కి పోతోంది.

ఇప్పుడు మన సంఘంలో ఒక చర్చ నడుస్తోంది. ఇది మీకందరికీ తెలిసిందే గనుక దాచిపెట్టడం ఎందుకు. స్వర్ణోత్సవ నిధితో పాత హాలును మనం చదివినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే, అవే కిటికీలు, అదే రంగు, అదే నల్లబల్లతో తిరిగి కట్టాలని కొందరు. సైన్సు ప్రయోగశాల కట్టాలని కొందరు. నేను మొదటివాళ్ళల్లో ఉన్నాను. పోయిన నెల సమావేశంలో గట్టిగానే మాట్లాడాను. షెడ్డు పోయింది, ఆవిరి ఇంజను కూత పోయింది, కరెంటు ఇంజన్లు వచ్చాక సగం క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, ఇదొక్కటైనా మిగలాలి అన్నాను. ఆ మాట ఇప్పటికీ నాకు ముఖ్యమే. ఈ సినిమా నాలుగోసారి చూశాక మాత్రం ఒక పని చేశాను. తొమ్మిది, పదో తరగతి పిల్లల దగ్గరికి పోయి మీకేం కావాలని అడిగాను. హాలని ఒక్కరూ అనలేదు. కొందరు ప్రయోగశాల అన్నారు. ఎక్కువమంది ఆడపిల్లలు మరుగుదొడ్లు అన్నారు. నీళ్ళు వచ్చే మరుగుదొడ్లు. ఈ మాట మన సమావేశాల్లో ఇంతవరకు ఎవరి నోటా రాలేదు. ఆ పిల్లల్లో ఒకరిద్దరి ముఖాలు మన తరగతి వాళ్ళ ముఖాలే, మనవరాళ్ళు గదా. చూడగానే పాత పేర్లే నోటికొచ్చాయి. వాళ్ళ పేర్లు అడిగి రాసుకున్నాను. ఎల్లుండి కార్యవర్గ సమావేశంలో వాళ్ళు అడిగినదాన్ని నేనే ప్రతిపాదిస్తాను. హాలు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

మళ్ళీ సినిమాకు. ఇది 1970లో విడుదలై బాగానే ఆడింది. మరుసటి సంవత్సరం ‘నైట్ ఆఫ్ డార్క్ షాడోస్’ తీశారు, ఫ్రిడ్ లేకుండా. చూడకపోయినా ఫరవాలేదు. డాన్ కర్టిస్ తర్వాత జాక్ పాలెన్స్‌తో ‘డ్రాక్యులా’ తీసి, చచ్చిన ప్రేయసి పోలికలున్న అమ్మాయి కథను అందులోకీ తెచ్చాడు. అసలు నవలలో అది లేదు. 1992లో కొప్పోలా తీసిన డ్రాక్యులాలోనూ మీరు అదే చూస్తారు. అంటే బార్నబస్ ప్రేమ డ్రాక్యులాకు అంటుకుంది.

మాస్టార్లు ఉన్న సభ గనుక ఫ్రిడ్ సంగతి పూర్తిచేస్తాను. బార్నబస్ ఇచ్చిన పేరుతో పెద్ద తార అయిపోవచ్చు. ఆయన అట్లా కాలేదు. సినిమాలు ఆ తర్వాత ఒకటి రెండు తప్ప చేయలేదు. కొన్నేళ్ళకు ఒక్కడే వేదిక మీద నిలబడి కథలు చదివి వినిపించే కార్యక్రమాలు తయారుచేసుకుని కాలేజీలకూ గ్రంథాలయాలకూ తిరిగాడు. వెనకటికి అవుదామనుకున్న మాస్టారి పనికి అంత దగ్గరగా వచ్చాడు. 2012లో టిమ్ బర్టన్ ఈ కథనే జానీ డెప్‌తో మళ్ళీ తీసినప్పుడు, ఒక విందు దృశ్యంలో అతిథిగా ఫ్రిడ్ క్షణకాలం కనపడ్డాడు. ఆ సినిమా విడుదల కాకముందే, ఆ ఏప్రిల్లో, ఎనభై ఏడేళ్ళ వయసులో కన్నుమూశాడు.

భోజనాలకు ఇంకా పావుగంట ఉందని మా కార్యదర్శి సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. విల్లీ గురించి ఎవరైనా అడిగితే బాగుంటుంది. శవపేటిక తెరిచిందీ వాడే, చివరికి వెనకనుంచి పోటు పొడిచిందీ వాడే. వాడి గురించి చెప్పాల్సినంత నేను చెప్పలేదు.